మెలికలో నిలిచిన నీళ్లు

ఆ పొద్దు సరోజన ఇంట్లో ఆరుగురు ఉన్నారు. పొయ్యి దగ్గర ఆమె తల్లి పోచవ్వ, గోడకు ఆనుకొని బాపు ఇస్తారి. నులక మంచం మీద మొఖానికి తడిగుడ్డ కప్పుకొని బాపు తోటి పనివాడు హనుమండ్లు, అతని కాళ్ల దగ్గర భార్య రామవ్వ. గడప మీద వీళ్లకు పని నేర్పిన ముసలి రాజలింగు. తలుపు చాటున పద్నాలుగేళ్ల సరోజన.

బెల్లంపల్లి దగ్గరి బొగ్గుబాయి మీద బాయిలర్‌కు నిప్పు వేసేది ఈ మగవాళ్లే. నిన్న పొద్దున సరోజన బాపుకు సద్ది తీసుకుపోయేసరికి, ఆవిరి జోరు చూపే గేజీ పగిలింది. కాలే ఆవిరి, గాజు పెంకులు కలిసి హనుమండ్లు మొఖాన కొట్టాయి. బాయి మేనేజరు దొర వచ్చి ముందు బాయిలర్‌ను చూశాడు. తర్వాతే మనిషిని.

మధ్యాహ్నం కాకముందే ఆఫీసు జవాను వెంకటి ఒక కాగితం తెచ్చాడు. చదవమని సరోజన చేతికిచ్చారు. నలుగురి ముందు నోరు విప్పని పిల్ల, కాగితం మొఖానికి అడ్డం పెట్టుకొని చదివింది. హనుమండ్లు పనిలో నిద్రపోయాడనీ, ఆవిరి మితిమీరిందనీ, తోటివాళ్లు చూశారనీ అందులో ఉంది. తోటివాళ్లు కింద వేలిముద్రలు వేస్తే సరి, అన్నాడు వెంకటి. మధ్యాహ్నం రెండు గంటలకు కొత్త గేజీ బిగిస్తారు. నిప్పు వేసేది ఇస్తారి.

ఇస్తారి తల వంచుకున్నాడు. ముద్ర వెయ్యకపోతే కంపెనీ ఇల్లు ఖాళీ చేయాలి. రామవ్వ మెల్లగా అంది: "నీ ఏలుముద్ర పడ్డదంటె, మా కొంప కూలినట్టే ఇస్తారన్నా."

"మెలిక పైపు ఏమాయె?" అని అడిగాడు రాజలింగు.

గేజీ కింద పాము చుట్టలా వంగిన పైపు ఉండేది. బాయిలర్ ఆరినాక మళ్లీ వెలిగించే ముందు అందులో చెంబెడు నీళ్లు పోసి, పసుపు బొట్టు పెట్టేవాళ్లు. ఎందుకో అడిగినవాళ్లు లేరు. పోయిన నెల కాంట్రాక్టరు మనుషులు దాన్ని పీకి నిటారు పైపు వేశారు. ఇనుముకు కూడా నీళ్ల దూప అయితదా అని దొర నవ్వాడు. పూజ పోయిందనుకొని వీళ్లు సిగ్గుతో నోరు మూసుకున్నారు.

"గది పూజ కాదుర," అన్నాడు రాజలింగు. "గా మెలికల నీళ్లు నిలుస్తయ్. ఆవిరి నీళ్లను నూకుతది, నీళ్లు గేజీ ముల్లును నూకుతయ్. జోరు ఎరుకైతది గని కాక సోకది. నిటారు పైపుల ఆవిరి సీదా పోయి గేజీ కడుపు కాల్చింది. బొట్టు పెట్టుడు నేర్పిన గని ఎందుకో చెప్పలే. తప్పు నాది సుత ఉన్నది."

సరోజన నేల చూస్తూనే అడిగింది. "మరి కొత్తది గూడ పగుల్తదా, తాతా?"

"ఇయ్యాలనో, ఎల్లుండో. దాని ముంగట మీ బాపు నిలవడ్తడు."

పోచవ్వ చేతిలోని గరిటె ఆగిపోయింది. ఇస్తారి లేచి కాగితం తిరగేసి బిడ్డ ముందు పెట్టాడు. "గీ దిక్కు రాయి బిడ్డా. మెలిక పైపు పెట్టేదాంక నిప్పు వెయ్యం. హనుమండ్లు నిద్రపోలే."

ఆమె రాసింది. మసి వేళ్ల ముద్రలు పడ్డాయి. వాడకట్టంతా తిరిగేసరికి బొగ్గు మోసేవాళ్లు, బండ్లు నూకేవాళ్లు కలిసి అరవై మంది అయ్యారు. కాగితం కోసం కాచుకున్న వెంకటి, ఆఫీసు దారి వదిలి బాయిలర్ దిక్కు పోతున్న ఆ గుంపు వెనకే నడిచాడు. "నా నౌకరి మీరే ఇప్పియ్యాలె మల్ల," అన్నాడు.

అక్కడ దొర కాగితం ముట్టలేదు. వేరేవాళ్లతో వెలిగిస్తానన్నాడు. వేరేవాళ్లూ ఆ అరవై మందిలోనే ఉన్నారు. పోలీసులను పిలవమని గుమాస్తాను పంపాడు.

నిప్పు వేసేవాళ్లు బాయిలర్ ఇంట్లోకి నడిచారు. ఎవరూ నిప్పు వెయ్యకుండా చల్లారిన పొయ్యి ముందు వరుసగా కూర్చున్నారు. సరోజన కూడా వాళ్ల వెంట గడప దాటబోయింది.

"నేను గూడ ఉంట బాపూ."

"నువ్వు బయట ఉండు. వచ్చినోళ్లందరికి చదివి చెప్పు. పోలీసోళ్లకు సుత."

"నాకు గొంతు రాదు."

"వస్తది," అని ఇస్తారి ఆమె చేతిలో కాగితం పెట్టి, ఇనుప తలుపు మూసి లోపలి నుంచి గొళ్లెం పెట్టాడు.