తళతళ మేస్త్రి కడిగిన తొట్టి

గనిలో అందరూ ఆయన్ని తళతళ మేస్త్రి అంటారు. పంపుల దగ్గర పనిచేసినన్నాళ్ళూ, పైవాళ్ళు తనిఖీకి వస్తున్నారని తెలిస్తే చాలు, ముందు రోజే బ్రష్షూ బకెట్టూ పట్టుకుని దిగిపోయేవాడు. నేల కడిగించి, పైపులు తుడిపించి, గోడలకు సున్నం కొట్టించి, అది గనో పెళ్ళివారి విడిదో తెలియకుండా చేసేవాడు. వచ్చినవాళ్ళు భేష్ అని వెళ్ళిపోయేవారు. ఆ గనిలో తనిఖీ అంటే కడుక్కోవడమే. ఇంకో అర్థం ఉందని ఎవరూ అనుకోలేదు.

రిటైరైనా ఆయన్ని గని వదల్లేదు. కోడలు పరిశోధన చేసే షెడ్డుకు కాపలా ఉంటున్నాడు. గనిలోంచి ఊరే నీళ్ళు తుప్పు రంగులో పారి కింది వాగులో కలుస్తాయి. ఆ వాగులో చేప బతకదు, గొడ్డు మూతి పెట్టదు. కోడలు ఒక పెద్ద గాజు తొట్టిలో గులకరాళ్ళు నింపి, ఆ నీళ్ళను వాటి మధ్యగా పారించి, రెండో చివర తేటగా బయటికి తెస్తోంది. మొదటి విడత సాయం ప్రభుత్వం ఇచ్చింది. రెండో విడత కూడా ఇస్తే వాగు గట్టునే పెద్ద తొట్టి కట్టొచ్చు. ఇవ్వకపోతే షెడ్డుకు తాళమే. ఆ సంగతి తేల్చడానికి శాఖ నుంచి ఒక అధికారిణి వస్తోంది.

ఇంకేముంది, మేస్త్రికి చేతులు దురద పెట్టాయి. తొట్టి వంక చూసి ఆయన ముక్కు మూసుకున్నాడు. రాళ్ళ నిండా నల్లటి జిగురు, పైగా కుళ్ళిన గుడ్ల కంపు. పాపం, ఒక్కతే ఎన్ని పనులని చూసుకుంటుంది అనుకున్నాడు. సాయంత్రం కోడలు అటు ఇంటికి వెళ్ళగానే ఇటు ప్యాంటు మడిచి, నీళ్ళు తోడేసి, ఒక్కో రాయినీ బ్రష్షుతో తోమి, అద్దం తుడిచి, రాళ్ళన్నీ మళ్ళీ పేర్చాడు. తొట్టి ముత్యంలా ఉంది. ఇల్లలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు గానీ, ఆ పూట మేస్త్రికి పండగే.

పొద్దున కోడలు వచ్చి చూసి, స్టూలు మీద కూలబడింది.

"ఎవరు కడిగారు మామయ్యా?"

"ఇంకెవరు, నేనే. ఎలా ఉందో చూశావా!"

"నీళ్ళు బాగుచేసేది ఆ జిగురే మామయ్యా. కంటికి కనపడని ప్రాణాలు అందులో ఉంటాయి. నీళ్ళలో ఉన్న లోహాన్ని అవే పట్టుకుంటాయి. రాళ్ళు ఊరికే వాటికి ఇల్లు."

కోడలు నాలుగు తిట్లు తిట్టినా మేస్త్రికి కాస్త ఊరటగా ఉండేది. ఆమె తిట్టలేదు.

"తోమిన నీళ్ళు ఎక్కడ పోశారు?" అని మాత్రం అడిగింది.

"ఇక్కడి నీళ్ళు ఒక్క చుక్క బయట పోయొద్దన్నావు కదమ్మా. డ్రమ్ముల్లో పోశాను."

"బ్లీచింగ్ పౌడర్ వేశారా?"

"లేదు. ఆ ఘాటుకి వచ్చినావిడ తుమ్ముతుందని వెయ్యలేదు."

"అయితే అన్నీ చచ్చి ఉండవు!" అంటూ కోడలు ఒక్క ఉదుటున లేచింది. ఇద్దరూ కలిసి డ్రమ్ముల్లోని మడ్డినంతా మళ్ళీ తొట్టిలోకి ఎత్తిపోశారు. అంతా చేసినా రెండో చివర నీళ్ళు తుప్పు రంగులోనే దిగాయి. అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది.

వెనక తలుపు తీసే ఉంది. జారుకుందామా అని మేస్త్రికి ఒక్క క్షణం అనిపించింది కూడా. లోపలికొచ్చిన అధికారిణికి కోడలు నమస్కారం చేసి, "తొట్టి నిన్నటి నుంచి సరిగ్గా పని చెయ్యట్లేదండీ" అని మొదలుపెట్టింది. తన పేరు రాకుండా నెట్టుకొస్తోందని ఆయనకు అర్థమైంది. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"మా కోడలి తప్పేం లేదమ్మా," అంటూ ముందుకొచ్చాడు. "మీరొస్తున్నారని నేనే కడిగేశాను."

అధికారిణి ఆయన్నీ, తొట్టినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, కళ్ళజోడు తీసేదాకా నవ్వింది.

"నా సర్వీసంతా కడిగిన గనులే చూశానండీ. కడగని గని ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలీదు." ఆమె కోడలి వైపు తిరిగింది. "ఇది ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు కడగకుండా ఉండరమ్మా. అప్పుడు మళ్ళీ పుంజుకుంటుందా?"

"నిజంగా తెలీదండీ. ఎప్పుడూ చూడలేదు."

"అయితే చూడు. వచ్చే నెల వస్తాను. అప్పటిదాకా అవుననీ రాయను, కాదనీ రాయను."

ఆ నెలంతా మేస్త్రి తొట్టిని అంటిపెట్టుకునే ఉన్నాడు. జిగురులోని ప్రాణాలకు కోడలు కొలిచి ఇచ్చిన మేత వేళకు వేశాడు, గాలి తగిలితే అవి పెరగవందని మూత సరిచూశాడు. ఒకప్పుడు ముక్కు మూసుకున్న మనిషి ఇప్పుడు వాసన కోసం ముక్కుపుటాలు ఎగరేసుకుంటూ కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం అది సన్నగా తగిలింది. "కంపొచ్చిందమ్మా! కంపొచ్చింది!" అని కేకలేస్తూ ఆయన పరుగెత్తడం చూసి, దారిన పోయేవాళ్ళు పాపం పెద్దాయనకు ఏదో అయిందనుకున్నారు. తర్వాత రాళ్ళు నల్లబడ్డాయి. చివర దిగే నీళ్ళు టీ రంగుకు, గడ్డి రంగుకు మారి, చివరికి తేటపడ్డాయి.

అధికారిణి చెప్పినట్టే వచ్చింది. గ్లాసులో నీళ్ళు పట్టి కిటికీ వెలుతురులో చాలాసేపు చూసింది.

"పడి లేచింది. నాకు కావలసింది ఇదే. రెండో విడత ఇవ్వమనే రాస్తాను," అంది. కోడలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. మేస్త్రి గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది.

"అయితే ఒక్క మాట," అంది అధికారిణి. "వాగు గట్టున కట్టే తొట్టిని ఎవరికి అప్పజెబుతావమ్మా? నమ్మకమైన మనిషి కావాలి."

"మా మామయ్యకేనండీ."

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. "నాకా? కడిగి కొంప ముంచినవాడి చేతికే తాళాలిస్తావా?"

"ఈ గని మొత్తంలో ఇంకోసారి కడగరని నేను ఒట్టేసి చెప్పగలిగేది మిమ్మల్ని ఒక్కరినే మామయ్యా."

మేస్త్రి కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులకూ నల్లటి జిగురు. మోచేత్తోనే తుడుచుకున్నాడు.