రుద్దని చెయ్యి

డాక్టర్ సంధ్యారాణి టేబుల్ మీదున్న ప్యాకెట్ చింపి ఒక చెక్కపుల్ల తీసింది. గొంతు చూసేటప్పుడు నాలుకను అదిమిపట్టే పుల్ల అది. దాని అంచుతో గంగమణి ఎడమ చేతి మీద ఒక మచ్చను నాలుగైదుసార్లు గీసి, గోడ గడియారం చూసింది.

"ఐదు నిమిషాలు కూసోండి," అన్నది.

గంగమణి పక్కన ఆమె అన్న దేవిదాస్ కూర్చున్నాడు. నిజామాబాద్‌లోని ఆ చర్మవ్యాధుల క్లినిక్‌కు ఇద్దరూ ఆర్మూర్ నుంచి బస్సులో వచ్చారు. నెల కింద గంగమణి పంటినొప్పికి గోలీ వేసుకుని ఆర్మూర్ బస్టాండులో పడిపోయింది. బీపీ అందలేదు. దవాఖానలో సూది వేసి బతికించిన డాక్టరు, చేతుల మీది మచ్చలు చూసి ఇక్కడికి చీటీ రాశాడు. మొదటిసారి వచ్చినప్పుడు రక్తం తీసి హైదరాబాద్ పంపారు. ఈ రోజు రిపోర్టు వచ్చింది.

మూడు నిమిషాలకే మచ్చ ఉబ్బింది. దాని చుట్టూ ఎర్రబడింది.

"మేడం, పుల్లకు పసుపు గిట్ల ఉన్నదా?" అని దేవిదాస్ అడిగాడు.

"పసుపా? మీ ముందటనే ప్యాకెట్ చింపిన గదా. పసుపెందుకుంటది?"

"మా చెల్లెకు పసుపు పడదు మేడం."

"ఎవలు చెప్పిన్రు?"

దేవిదాస్ ఉబ్బిన మచ్చ వైపే చూశాడు.

"అందరు," అన్నది గంగమణి.

డాక్టర్ రిపోర్టు తిప్పి వాళ్ళ వైపు పెట్టింది. "మన తోలు కింద మాస్ట్ కణాలని ఉంటయి. కాపలోళ్ళు అనుకోండి. ఒక్కొక్క కణం నిండ సంచులు. సంచులల్ల ఎంజైములు. నువ్వు బీడీలు చేస్తవన్నవ్ గదా అమ్మా, ఆకు దేనితోటి కోస్తవ్?"

"కత్తెరతోటి."

"ఎంజైమంటే గదే, కత్తెర. తేనెటీగ కుట్టిందనుకో, దాని విషాన్ని ముక్కలు చేసే కత్తెర ఒకటుంటది. దెబ్బ తాకితే చెడిపోయిన కండను కోసి, కొత్తది వచ్చేటందుకు జాగ చేసే కత్తెర ఒకటుంటది. పని పడితే సంచులు ఇప్పుతయి. పనైనంక మల్ల నింపుకుంటయి. గవి లేకుంటే మనం బతకం."

"మరి నాకేమాయె?"

"నీకు కాపలోళ్ళు లెక్కకు మించి అయిన్రు. రుద్దితే సంచులిప్పుతరు. సెగ తాకితే ఇప్పుతరు. నొప్పి గోలీ వేసుకున్నా, తేనెటీగ కుట్టినా అందరు ఒక్కపారే ఇప్పుతరు. గప్పుడు బీపీ పడిపోతది." రిపోర్టులో ఒక అంకె మీద వేలు పెట్టింది. "ట్రిప్టేజ్ అనే ఎంజైము ఇది. మామూలు మనిషి రక్తంల పదకొండు దాటదు. నువ్వు మంచిగున్న రోజు తీసిన రక్తంలనే నలభై ఒకటున్నది."

"పసుపుకు దీనికి?" అన్నాడు దేవిదాస్.

"ఏం సంబంధం లేదు. రుద్దుడుకే సంబంధం. ఉత్త వేలుతోటి రుద్దినా ఉబ్బుతది."

గంగమణి కుడి చెయ్యి ముందుకు చాపింది. "గీ చేతి మీద గూడ రుద్దుండ్రి మేడం. వేలుతోటి."

"ఎందుకమ్మా?"

"చూస్త."

డాక్టర్ ఒక మచ్చ మీద వేలితో రుద్దింది. ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. అదీ ఉబ్బింది. గంగమణి అన్న ముఖం చూసింది. దేవిదాస్ గడియారం వైపు చూశాడు.

డాక్టర్ మందులు రాసింది. నొప్పి గోలీలు ముట్టవద్దన్నది. తేనెటీగలకు దూరంగా ఉండమన్నది. ఎముక మజ్జ పరీక్షకు హైదరాబాద్ వెళ్ళాలన్నది. గంగమణి అన్నిటికీ తల ఊపింది.

ఆమె 2003లో మాక్లూర్ దగ్గరి ఊరికి కోడలుగా వెళ్ళింది. భర్త గంగాకిషన్‌కు నాలుగెకరాల పసుపు ఉండేది. పుట్టింట్లో మక్కజొన్న తప్ప వేరే పంట లేదు. మొదటి పంట పసుపు ఉడకబెట్టే రోజుల్లో కడాయి దగ్గర నిలబడితే ఆమె ముఖం, మెడ ఎర్రబడేవి. చేతుల మీద మచ్చలు లేచాయి. మార్చిలో, కొమ్ములు ఆరబోసిన కల్లంలో స్పృహ తప్పింది.

"పసుపు తెల్వని ఇంటి పిల్లను తెచ్చుకున్నం. పసుపు పడని పిల్ల పసుపింట్ల ఎట్ల బతుకుతది?" అన్నది అత్త నీలవ్వ. రోగం దాచి పెళ్ళి చేశారన్నారు.

పంచాయితీకి తొమ్మిది మంది కూర్చున్నారు. దేవిదాస్‌కు అప్పుడు ఇరవై ఏడేళ్ళు. "పడకపోవుడేంది? మీరే చూడుండ్రి," అని గిన్నెలో పసుపు తడిపి చెల్లెలి చేతికి పెట్టి రుద్దాడు. కోపం మీద ఉన్నాడు కాబట్టి గట్టిగా రుద్దాడు, చాలాసేపు రుద్దాడు. ఐదు నిమిషాల్లో చెయ్యి ఉబ్బింది. తొమ్మిది మందీ చూశారు. పెద్దమనిషి గంగాదాస్ లేచి తువ్వాల దులుపుకున్నాడు. పంచాయితీ అయిపోయింది.

రెండో చేతి మీద ఉత్త వేలితో రుద్ది చూద్దామని ఎవరికీ తోచలేదు. ఆమె చిన్నప్పటి నుంచి పసుపు వేసిన పప్పే తింటోందన్న సంగతి కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం దేవిదాస్ చెల్లెలిని తీసుకుని బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాడు. ఆమె కిరాణా దుకాణం అరుగు మీద కూర్చుంది. గంగాకిషన్ సైకిల్ మీద వచ్చి, దేవిదాస్‌ను ఇవతలికి పిలిచాడు.

"బావా, వచ్చేయేడు పసుపు ఏయ్య. మక్క ఏస్త. ఆమెను తీస్కపోకు," అన్నాడు.

దేవిదాస్ తొమ్మిది మంది ముందు ఓడిపోయి గంట కాలేదు. "ఆమెనే రానంటున్నది. నీ మక్క నువ్వే ఏస్కో," అన్నాడు.

చెల్లెలిని అడగలేదు. గంగాకిషన్ అన్న మాట ఆమెకు ఆ రోజు చెప్పలేదు. తర్వాత కూడా చెప్పలేదు. ఏడాదిన్నర తర్వాత గంగాకిషన్ ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. అతను పసుపు మానలేదు. ఆర్మూర్ మార్కెట్‌లో పసుపు అమ్ముకోవడానికి వచ్చినవాడు, మక్కలు తెచ్చిన దేవిదాస్‌కు ఎదురైతే ఇద్దరూ తలలు తిప్పుకునేవాళ్ళు. వాళ్ళిద్దరికీ పడదని హమాలీలు కూడా అనేవాళ్ళు.

గంగమణి ఇరవై రెండేళ్ళు అన్న ఇంట్లో బీడీలు చుట్టింది. ఆమెకు వేరే గిన్నెలో పసుపు లేకుండా వండేవాళ్ళు. పెళ్ళిళ్ళలో పసుపు దంచే చోటికి ఆమె వెళ్ళేది కాదు. అయినా ఏడాదికి రెండు మూడుసార్లు ఒళ్ళంతా ఎర్రబడేది. ఎక్కడో పసుపు తగిలి ఉంటుందనుకునేవాళ్ళు.

తిరుగు ప్రయాణంలో బస్సు మాక్లూర్‌లో ఆగింది. కిటికీ పక్కన కూర్చున్న గంగమణి అడిగింది.

"పంచాయితీల తొమ్మిది మంది ఉండిరి గదా. ఇప్పుడు ఎంతమంది ఉన్నరు?"

"నలుగురు ఉండచ్చు."

"గాళ్ళకు చెప్పు."

"ఇప్పుడు చెప్తే ఏమొస్తదే?"

"ఏం రాదు. గాళ్ళ ముందటనే రుద్దినవ్ గదా. గాళ్ళకే చెప్పు. గంగాకిషన్‌కు గూడ చెప్పు."

దేవిదాస్ సరే అనలేదు. నలుగురి దగ్గరికి పోవడం అతనికి కష్టం కాదు. గంగాకిషన్ దగ్గరికి పోతే ఆ సాయంత్రం రోడ్డు మీద అన్న మాట బయటికి వస్తుంది. ఆ మాట ఇరవై రెండేళ్ళుగా ఇద్దరికే తెలుసు. అందులో ఒకడికి సగమే తెలుసు.

ఇంట్లో సంగతి విని దేవిదాస్ భార్య రత్నవ్వ గుమ్మంలోనే నిలబడిపోయింది. "అయితె ఇన్నేండ్లు నేను రెండు గిన్నెలు ఉత్తగనే తోమిన్నా?" అన్నది.

"తోమినవ్ వదినె," అన్నది గంగమణి. "రాగి గిన్నెలైతే అరిగిపోతుండె."

ఇద్దరూ నవ్వారు. దేవిదాస్ నవ్వలేదు.

మూడో రోజు పొద్దున అతను రిపోర్టు జిరాక్సు జేబులో పెట్టుకుని బండి మీద వెళ్ళాడు. నలుగురిలో ఒకాయన బిడ్డ దగ్గర హైదరాబాద్‌లో ఉన్నాడు. ఒకాయనకు చెవులు వినిపించవు, కాగితం పట్టుకుని పింఛను గురించా అని అడిగాడు. ఇంకొకాయన పొలంలో ఉన్నాడు, విని, పాపం అన్నాడు. గంగాదాస్ మంచం మీద కూర్చుని అంతా విన్నాడు.

"మేం నిన్ను రుద్దుమనలేదుర భై," అన్నాడు. "నీలవ్వ లొల్లి చేసింది, నిజమే. మేం ఇంకో నెల చూద్దమందుమనుకున్నం. నువ్వే గిన్నె తెమ్మన్నవ్. నువ్వే రుద్దినవ్."

"అవు కాకా."

"మరి గిప్పుడు మా ఇంటికెందుకొచ్చినవ్?"

"చెల్లె చెప్పుమన్నది."

"గప్పుడు ఆమెను అడిగినవా, రుద్దాల్నా అని?"

"లేదు."

గంగాదాస్ కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు. చాయ్ తాగి పొమ్మన్నాడు. దేవిదాస్ తాగకుండా లేచాడు.

గంగాకిషన్ ఇంటి వెనక కల్లంలో ఉన్నాడు. ఎండిన కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము తిరుగుతోంది. దేవిదాస్‌ను చూసి దాన్ని ఆపించి దగ్గరికి వచ్చాడు. నీలవ్వ పోయి ఆరేళ్ళయిందని చెప్పాడు. దేవిదాస్ కాగితం ఇచ్చి, డాక్టర్ చెప్పింది చెప్పాడు. కాపలోళ్ళ గురించి, కత్తెర గురించి, నలభై ఒకటి గురించి చెప్పాడు. గంగాకిషన్ కాగితం రెండుసార్లు చదివాడు.

"అంటే గా రోజు పసుపు చేసింది కాదు. నువ్వు రుద్దింది చేసింది."

"అవు బావా."

"సరే. గది గప్పుడు ఎవలికీ తెల్వదు. డాక్టర్లకే ఇప్పుడు తెలిసింది." కాగితం ఇచ్చేశాడు. "నాకు గది కాదు బాధ. పసుపు మానేస్తా అన్న గదా బావా నేను. మక్క ఏస్తా అన్న. అయినా ఆమె రానన్నది. ఎందుకు రానన్నదని మస్తు రోజులు అనుకున్న. మా అమ్మ మాటలకు గావచ్చు అనుకున్న."

అతని భార్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. దేవిదాస్ తాగి, పోయొస్తనని బండి ఎక్కాడు. చెప్పాల్సింది నోటి దాకా వచ్చిందని, ఆమె ముందు చెప్పలేకపోయానని తనకు తాను చెప్పుకున్నాడు. ఆర్మూర్ చేరేలోపు అది నిజం కాదని అతనికి తెలిసింది. నీళ్ళు రాకముందు కూడా అతను చెప్పలేదు.

గంగమణి చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. దేవిదాస్ ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

దేవిదాస్ మొదటి నుంచి చెప్పాడు. కిరాణా దుకాణం, సైకిల్, మక్క ఏస్తానన్న మాట, తానిచ్చిన జవాబు. తక్కువ మాటల్లో చెప్పాడు. చెప్పినంతసేపు గంగమణి చేతులు ఆగలేదు. అతను ముగించాక ఆగాయి.

"నేను రానన్ననని చెప్పినవా?"

"అవు."

"నేను అరుగు మీదనే ఉంటి గదా. ఇరవై అడుగులు లేదు."

"లేదు."

"సైకిలొచ్చింది చూసిన. ఎందుకొచ్చిండో అని చూసిన. మల్ల పోయింది." ఆమె చుట్టిన బీడీని చాటలో పెట్టింది. "బట్టలు తీస్కపొమ్మని చెప్పనీకె వచ్చిండని నువ్వన్నవ్."

అలా అన్నట్టు దేవిదాస్‌కు గుర్తు లేదు. అనలేదని అనడానికీ ధైర్యం చాలలేదు.

"నాలుగు నెలలు చూసిన అన్నా. బస్సు ఆగినప్పుడల్ల చూసిన. ఆయనకే నేనొద్దేమో అనుకున్న." కత్తెర చాటలో పడేసింది. "గిప్పుడు ఆయనేమనుకుంటున్నడు?"

"నువ్వే రానన్నవని."

"గిప్పుడు గూడ? ఇయ్యాల గూడ చెప్పలేదా నువ్వు?"

"లేదు చెల్లె."

"ఫోన్ చెయ్యి."

"రేపు పోయి..."

"చెయ్యి. నాకు ఇనవడేటట్టు పెట్టు."

దేవిదాస్ దగ్గర నంబరు లేదు. గంగాదాస్ కొడుకుకు ఫోన్ చేసి అడిగి తీసుకున్నాడు. స్పీకర్ పెట్టి చాట అంచు మీద ఫోన్ ఉంచాడు. నాలుగుసార్లు మోగింది.

"ఎవలు?"

"నేను బావా, దేవిదాస్‌ను."

"ఆఁ. చెప్పు."

"గా రోజు ఆమె రాననలేదు. నేను ఆమెను అడగనే లేదు. నువ్వు అన్న మాట ఆమెకు చెప్పలేదు. ఇయ్యాలనే చెప్పిన."

అవతల డ్రమ్ము చప్పుడు వినిపించింది. ఎవరినో ఆపమన్నట్టు గంగాకిషన్ కేక వేశాడు. చప్పుడు ఆగింది.

"ఇయ్యాలనా?" అన్నాడు.

"అవు."

"ఏమన్నది?"

దేవిదాస్ చెల్లెలి వైపు చూశాడు. ఆమె ఫోన్ వైపు చూస్తోంది.

"ఏం అనలేదు," అన్నాడు.

"పక్కన ఉన్నదా?"

గంగమణి తల అడ్డంగా ఊపింది.

"లేదు," అన్నాడు దేవిదాస్.

గంగాకిషన్ ఫోన్ పెట్టలేదు. అవతల కల్లంలో ఎవరో దగ్గారు, ఎవరో బస్తా ఈడ్చారు. ఇవతల ముగ్గురిలో ఎవరూ కదలలేదు. వంటింటి గుమ్మం దగ్గర రత్నవ్వ చేతిలో గరిట పట్టుకుని నిలబడి ఉంది. తెర మీద సెకన్లు నడుస్తున్నాయి. రెండు నిమిషాలు దాటాక గంగమణి వేలు చాపి ఎర్ర గుర్తు నొక్కింది.