రాజు పలకరించినా పలకకూడదు

ఆ ఇంట్లో ముందుగది లేఖకుడిది. హెబ్రీ లేఖనాలను ఈక కలంతో తోలు మీద నకలు రాయడం అతని పని. ఒక వాలుబల్ల, సిరా కొమ్ము, ఆరబెట్టిన తోళ్ళు, కిటికీలోంచి పడే వెలుతురు. ఆ వెలుతురు పోయేదాకా అతను లేవడు.

ఆ లేఖనాల్లో దేవుడి పేరు నాలుగక్షరాలు. దాన్ని ఎవరూ పైకి పలకరు. చదివేటప్పుడు ఆ చోటికి రాగానే 'ప్రభువు' అని దాటేస్తారు. రాసేవాడికి ఇంకా గట్టి నియమాలున్నాయి. కలం ఆనించే ముందు, ఈ పేరు పవిత్రత కోసం రాస్తున్నానని నోటితో అనాలి. తప్పు పడితే గీకి చెరపకూడదు. ఆ తోలంతా తీసి, మనిషిని పూడ్చినట్టు మట్టిలో పూడ్చాలి. మొదటి అక్షరం పట్టాక నాలుగోది అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదు. రాజు వచ్చి పలకరించినా సరే.

ఈ చివరి నియమం లేఖకుడికి బాగా కలిసొచ్చింది. అతను మెత్తని మనిషి. ఎవరికీ కాదని చెప్పలేడు. అవునని చెప్పి ఇరుక్కోవడమూ ఇష్టం లేదు. అందుకని ఇబ్బంది పెట్టే ప్రశ్న వచ్చినప్పుడల్లా తోలు మీదికి వంగి ఎడమచెయ్యి పైకెత్తేవాడు. పేరు రాస్తున్నానని దానర్థం. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టేవాళ్ళు. పెరటి గోడ ఒరిగిందని భార్య చెబితే చెయ్యి లేచింది. చుట్టం ఒకాయన వచ్చి నెల్లాళ్ళు ఉండిపోనా అంటే లేచింది. మూత బిగించిన సీసాలో తేనె ఎలా తగ్గుతోందని అత్తగారు అడిగితే చాలాసేపు దిగలేదు.

"మా అల్లుడంత భక్తి ఎవరికుంది," అని అత్తగారు వీధిలో చెప్పుకునేది. "నాలుగక్షరాలకి పూటంతా పడుతుంది ఆయనకి."

ఒక మధ్యాహ్నం గొడుగులు బాగుచేసేవాడు పనిముట్ల సంచితో వచ్చాడు. అతనికీ లేఖకుడి కూతురికీ ఇష్టమని వీధి వీధంతా తెలుసు. లేఖకుడికీ తెలుసు, తెలిసినట్టు కనబడేవాడు కాదు, అంతే. గొడుగులవాడికి పై ఊళ్ళో పెద్ద దుకాణంలో పని దొరికింది. సాయంత్రం బస్సుకే వెళ్ళాలి. ఏడాది దాకా సెలవు లేదు. ఆ ఊళ్ళోనే ఉండే మేనత్త అతనికి అప్పుడే ఒక సంబంధం చూసిపెట్టింది. ఇక్కడ మాట తీసుకుని బస్సెక్కితేనే ఆవిడ ఊరుకుంటుంది.

"మావయ్యగారూ," అన్నాడు గుమ్మంలోంచి.

చెయ్యి లేచింది.

గొడుగులవాడికి చదువు తక్కువ, మర్యాద ఎక్కువ. తనూ ఎడమచెయ్యి ఎత్తి నిలబడ్డాడు.

భార్య వంటగది గుమ్మంలో ఆగిపోయింది. కూతురు కిటికీ పక్కన గోడకి ఆనుకుంది. మూల కుర్చీలో అత్తగారు మేజోడు అల్లుతోంది. ఒక ఈగ వచ్చి గొడుగులవాడి ముక్కు మీద వాలింది. అతను ముక్కు మాత్రం కదిపాడు.

కాసేపయ్యాక అత్తగారు గుసగుసగా అడిగింది. "నువ్వెందుకెత్తావు అబ్బాయ్?"

"ఆయనెత్తారు కదండీ. నేను దించితే బాగోదేమోనని."

"నొప్పెట్టట్లేదూ?"

"పెడుతోందండి. భక్తి కదా అని ఓర్చుకుంటున్నాను."

"ఆయనింకా నీకు మావయ్య కాలేదు. ముందు అయ్యగారూ అని పిలువు."

"పిలుద్దామంటే ఆయన చెయ్యి దించట్లేదండి."

కిటికీ వెలుతురు బల్ల మీంచి జారి నేల మీదికి వచ్చింది. కలం మొనలో సిరా ఆరిపోయింది. గొడుగులవాడు వీధిలో బస్సు చప్పుడేమైనా వినబడుతోందా అని చెవి అటు పెట్టాడు. తర్వాత కూతురి వైపు వంగాడు.

"ఇవాళ రాసే పేరు పెద్దదా?"

"ఎప్పుడైనా నాలుగక్షరాలే."

"మరి ఇంతసేపా?"

"ఏమో. ఇవాళ రాయడానికి కొత్త తోలుచుట్ట పట్టారు. రాణి కథ. పొద్దున నేనే గీతలు గీసిచ్చాను."

అత్తగారి అల్లిక సూదులు ఆగాయి. "ఏ రాణి?"

"అదే అమ్మమ్మా, తనవాళ్ళని కాపాడటానికి పిలవకుండానే రాజు ముందుకి వెళ్తుంది చూడు, ఆవిడ."

"ఆ కథ చిన్నప్పట్నుంచీ వింటున్నాను. అందులో దేవుడి పేరెక్కడొస్తుందే?"

కూతురు తండ్రి వీపు వైపు చూసింది. "రాదు."

"మొదట్లో?"

"రాదు."

"చివర్లో అయినా?"

"ఎక్కడా రాదు అమ్మమ్మా."

నిజమే. నిన్నటిదాకా రాసిన పెద్ద గ్రంథంలో ఆ పేరు ఎటు చూసినా ఉంది. అది ముగించి పొద్దున ఈ చిన్న చుట్ట మొదలుపెట్టాడు. తోలు మార్చాడు, కలం మార్చాడు. చేతికి ఆ సంగతి చెప్పడం మరిచిపోయాడు.

ఎత్తిన చెయ్యి సగం దిగి ఆగింది. పూర్తిగా దించితే ఒప్పుకున్నట్టు. మళ్ళీ ఎత్తితే ఇంకో అబద్ధం.

"అల్లుడుగారూ," అంది అత్తగారు. "ఆ పేరు వ్యర్థంగా ఎత్తకూడదని ఎన్నిసార్లు రాశారు మీరు?"

"నేను పేరు ఎత్తలేదండీ. చెయ్యి ఎత్తాను."

"చెయ్యెత్తి మాకేమని చెబుతున్నారు? పేరు రాస్తున్నాననేగా?"

లేఖకుడి చెయ్యి మిగతా సగమూ దిగింది. ఈసారి అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేదు.

"ఆ పేరుకి అర్థమేమిటని పిల్ల చిన్నప్పుడు అడిగితే మీరే చెప్పారు. 'నేనుంటాను' అనట. ఎవరు ఏ కష్టంలో పిలిచినా ఉంటాననట. మీరు ఇదే గదిలో ఉండి, కన్నకూతురి కోసం పిలిస్తే ఉండట్లేదు."

"తేనె సంగతి కూడా అడుగమ్మా," అంది భార్య.

"తేనె తర్వాత."

లేఖకుడు కలం పక్కన పెట్టాడు. "అవునంటే పిల్ల వెళ్ళిపోతుంది. కాదంటే ఏడుస్తుంది. మధ్యలో ఇంకేదైనా మాట ఉందేమోనని వెతుకుతున్నాను."

"దొరికిందా?"

"లేదు."

కూతురి వైపు చూశాడు. ఆమె ఏడవడం లేదు. గొడుగులవాడి చెయ్యి వంక జాలిగా చూస్తోంది.

"అవును," అన్నాడు. చాలా చిన్నగా అన్నాడు.

"ఏమిటీ?" అంది అత్తగారు.

"అవునన్నానండీ. చేసుకోమన్నాను."

గొడుగులవాడు చెయ్యి దించబోయాడు. అది బిగుసుకుపోయింది. కూతురు వచ్చి రెండు చేతులతో పట్టుకుని, పాత గొడుగు మూసినట్టు మెల్లగా కిందికి లాగింది.

ఆ తర్వాత లేఖకుడికి మాటలు వచ్చాయి. ఒకసారి వచ్చాక ఆగలేదు. దుకాణం ఎవరిది, ఉండే గదికి గాలి వస్తుందా, వానల్లేని నెలల్లో ఏం పని చేస్తావు, మీ మేనత్త కోపిష్ఠా, గురక పెడతావా. గొడుగులవాడు ఒకదానికి జవాబు చెప్పేలోగా రెండు వచ్చిపడుతున్నాయి. "బస్సు పోతుంది, వదలండి," అని అత్తగారు గొడుగులవాడిని వీధిలోకి తోసింది. లేఖకుడు చెప్పుల్లేకుండా వెంటపడ్డాడు. కూతురు పనిముట్ల సంచి మోసుకుంటూ వాళ్ళ వెనకాలే పరిగెత్తింది.

బస్సు కదలబోతోంది. గొడుగులవాడు ఎక్కి సంచి అందుకున్నాడు. లేఖకుడూ ఎక్కి పక్క సీట్లో కూర్చున్నాడు. "ఇంతకీ మీ మేనత్తకి మా పిల్ల సంగతి ఎప్పుడు చెబుతావు?" అని అడుగుతున్నాడు. కిందినుంచి కూతురు "నాన్నా, దిగు," అంటోంది. బస్సు మలుపు తిరిగింది.

కండక్టరు వచ్చి లేఖకుడి సిరా వేళ్ళ వంక, ఉత్తి కాళ్ళ వంక చూశాడు.

"మీకెక్కడికండీ?"

లేఖకుడు కాస్త ఆలోచించాడు.

"పెళ్ళెప్పుడో తేలేదాకా ఇవ్వండి," అన్నాడు.