ఎడమవైపు పిడి

మొగుడు బెల్లం కొట్టిన రాయి. ఆ మాట ఆమె మనసులో ఎన్నిసార్లు అనుకుందో! పాప పుట్టిన ఈ ఏడు నెలల్లో అతని నోట "ఊఁ" తప్ప మరో మాట విన్నది తక్కువ. పొద్దస్తమానం కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కంప్యూటర్లో బొమ్మలు గీస్తాడు. స్నేహితుడు వాటికి మాటలు రాస్తాడు. ఒక్కో బొమ్మా నొక్కుకుంటూ చదువుకునే కథల ఆట అది. రెండేళ్ల కష్టం.

ఆ మధ్యాహ్నం మాటలు రాసే ఆయన రొప్పుతూ వచ్చాడు.

"చెల్లెమ్మా, నువ్వే తీర్పు చెప్పాలి. ఇందులో గడియారాలు బాగుచేసేవాడు ఆ కుట్టుపని అమ్మాయిని ప్రేమించాడా, లేదా? ఆడి చూసిన పదిమందిలో తొమ్మిదిమంది లేదన్నారు. చివర్లో 'నువ్వంటే నాకు ప్రాణం' అని వాడిచేత అనిపిద్దామంటే నీ మొగుడు ఒప్పుకోడు. ఎందుకో చెప్పడు!"

"చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయేమో అన్నయ్యా," అని నవ్వబోయింది. భర్త ముఖం చూసి ఆగిపోయింది. గొంతులో వెలక్కాయ పడ్డవాడిలా ఉన్నాడు.

"అయినా నాకేం తెలుసు? తొమ్మిదో తరగతితో ఆపేసినదాన్ని."

"అందుకే వచ్చా. చదువుకున్నవాళ్లంతా బొమ్మలో తలుపు మూసుంటే మనసు మూసుకుందని, వాన పడితే ఏడుపని చెప్పి నా తల తినేశారు. సాయంత్రానికి తేల్చాలి."

పాపను భుజాన వేసుకుని ఒక్కో బొమ్మా నొక్కింది. ఆ గడియారాలవాడికి ప్రేమ లేదని తేలితే, తన ఇంట్లో మౌనానికీ అదే కదా అర్థం!

చిన్న కొట్టు. వాన. ఆగిపోయిన గడియారంతో అమ్మాయి వస్తుంది. అతను టీ ఇస్తాడు. ఆమె ఏదేదో చెబుతుంది. అతను "ఊఁ" అంటాడు. ఆమె వెళ్లిపోతుంది. మళ్లీ వస్తుంది.

"పైగా ఇదొక తప్పు," అన్నాడు ఆయన. "ఆమె కప్పు చూడు. పిడి ప్రతిసారీ ఆమెకు ఎడమవైపే. కుడిచేత్తో కుట్టే పిల్ల కదా! దిద్దమంటే దిద్దడు."

ఆమె వేలు ఆగిపోయింది.

చిన్నప్పుడు బళ్లో తను ఎడమచేత్తో రాస్తే పంతులమ్మ స్కేలుతో కణుపుల మీద కొట్టేది. పిల్లలు పుర్రచెయ్యి అని వెక్కిరించేవాళ్లు. అప్పట్నుంచి రాతా, తిండీ, పనీ అన్నీ కుడిచేతికే. వేడి కప్పు దగ్గర మాత్రం ఎడమచెయ్యి దానంతటదే ముందుకెళ్తుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భర్తకు కూడా.

పొద్దున పాపకు పాలిస్తుంటే అతను టీ తెచ్చి పక్కన పెట్టాడు. పిడి ఎటుంది? నిన్న? మొన్న? ఒక్కసారైనా తను కప్పు తిప్పుకున్న గుర్తు లేదు.

"తప్పు కాదన్నయ్యా," అంది. "ఆ పిల్లది పుర్రచెయ్యి."

"కథలో ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు. చిన్నప్పుడు కొట్టి మాన్పించి ఉంటారు. తనెవరికీ చెప్పుకోలేదు. అతను అడక్కుండానే కనిపెట్టాడు. రోజూ అటే తిప్పి పెడుతున్నాడు. ఇంకా నోటితో కూడా చెప్పాలా?"

ఆయన మొదటి బొమ్మనుంచి మళ్లీ చూశాడు. చాలాసేపు. ఆ తర్వాత చివర్లో పెడదామని రాసుకున్న 'నువ్వంటే నాకు ప్రాణం' కొట్టేశాడు.

"ఎప్పట్నుంచండీ?" భర్త వైపు చూడకుండా అడిగింది.

అతను లేచి వంటింట్లోకి వెళ్లాడు. మూడు కప్పులతో వచ్చాడు. ఆమె కప్పు పెట్టేటప్పుడు దొరికిపోయిన దొంగలా తడబడి, పిడి ఎటూ కాకుండా మధ్యలో వదిలేశాడు.

ఆమె దాన్ని ఎడమవైపుకు తిప్పుకుంది.