గుడివాడలో విడిపోయే బండి

పద్దెనిమిది రోజుల ప్రయాణం ముగియడానికి మరో రెండు మూడు గంటలే ఉందనగా, విజయవాడ స్టేషన్‌లో ఆగి ఉన్న బండిలో నా భార్య సుభాషిణితో, "నేనొక్కణ్ణే వచ్చి ఉంటే బాగుండేది" అన్నాను.

అవి 1997 దసరా సెలవులు. భుజానికి చెరొక సంచి. జనరల్ పెట్టెలు, సత్రాలు, స్టేషన్లలో స్నానాలు. మదురై, రామేశ్వరం, కన్యాకుమారి, మైసూరు చూసుకుని మద్రాసు మీదుగా తిరిగి వచ్చాం. దారి పొడుగునా సుభాషిణి పలకరించని మనిషి లేడు. ఆ తెల్లవారుజామున బందరు బండి ఎక్కగానే, నేను తువ్వాలు వేసి పట్టిన కిటికీ పక్క చోటును ఎవరో పెద్దాయనకు ఇచ్చేసింది. ఆ మాట అప్పుడు వచ్చింది.

నా సంచి ఆమె పక్కనే వదిలేశాను. నేను దిగి, వెనక పెట్టెల్లో ఒకదానిలో ఖాళీ చూసుకుని కూర్చున్నాను.

ఆ బండిని గుడివాడలో రెండుగా విడదీస్తారు. ముందు పెట్టెలు బందరు వెళ్తాయి, వెనకవి నర్సాపురం. బందరులో పుట్టిన ప్రతివారికీ తెలిసిన సంగతే, నాకూ తెలుసు. గుడివాడలో చాలాసేపు ఆగుతుంది కనుక అప్పుడు మారవచ్చనుకున్నాను. ఆ కాసేపటి ఏకాంతం నా హక్కుగా తోచింది. దాన్ని అనుభవిస్తూ నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఎదురుగా ఖాళీ చేపల బుట్టలతో ఒకావిడ కూర్చుని ఉంది.

"గుడివాడ వచ్చిందా అమ్మా?"

"ఎప్పుడో దాటిందండి. కైకలూరు వచ్చేస్తంది. మీరెక్కడికి?"

"బందరు."

"బందరు పెట్టెలు విడగొట్టేశారు కదండీ. అంత కుదుపుకి కూడా లేవలేదేంటి? నేను లేపుదామనే అనుకున్నానండి. మొహం చూస్తే ఎంతో సుఖంగా ఉన్నారు."

కైకలూరులో దిగి, వెనక్కి గుడివాడ బస్సెక్కాను. బయల్దేరినప్పుడే మేమొక నియమం పెట్టుకున్నాం: తప్పిపోయినవారు ఉన్నచోటే ఉండాలి, రెండోవారు వెతకాలి. మదురై గుడిలో తప్పిపోయింది ఆమే. మైసూరు బజారులోనూ ఆమే. అందువల్ల ఇప్పుడు కూడా వెతకవలసినది నేనేనని, ఆలోచించకుండానే నిశ్చయించుకున్నాను.

బస్సులో నన్ను పట్టుకున్న భయం ఆమె ఏమైపోయిందోనని కాదు. నా మాటను నమ్మిందేమోనని. అలాంటి మాట అని, లేచిపోయి, వేరే ఊరికి వెళ్లే పెట్టెలో కూర్చున్న మనిషి గురించి ఎవరైనా ఏమనుకుంటారు? నమ్మి ఉంటే ఆమె బందరులో మా ఇంటికి వెళ్లదు. దిగీ దిగగానే అవనిగడ్డ బస్సెక్కి అన్నగారింటికి వెళ్తుంది. నమ్మకపోతే గుడివాడలో ఆగుతుంది. కోరికను జయించడం గురించి ఇరవై ఏళ్లుగా చదువుతున్నాను. ఆ గంటసేపూ నాలో కోరిక తప్ప మరేమీ లేదు.

గుడివాడలో ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచాను. బెంచీల మీద ఎవరెవరో ఉన్నారు. ఆమె లేదు. మళ్లీ నడిచాను.

"మాస్టారూ, నర్సాపురం వెళ్లినాయన మీరేనా?"

టీ కొట్టాయన పిలిచాడు. బల్ల కింద రెండు సంచులు ఉన్నాయి. ఒకటి ఆమెది, ఒకటి నాది.

"అమ్మగారు వీటిని చూస్తూ ఉండమన్నారండి. భీమవరం బస్సు కనుక్కోడానికి బస్టాండుకి వెళ్లారు."

"నేనేనని ఎలా తెలిసింది?"

"గళ్ల చొక్కా, కళ్లజోడు, ఎక్కడున్నాడో తనకే తెలియని మొహం అని చెప్పారండి."

ఆ సంచుల పక్కనే కూర్చున్నాను. ఆమె నా వైపే బయల్దేరబోయింది. ఇంతకాలం శాంతి అని నేను దేన్ని పిలిచానో గాని, అది ఇది కాదు.

అరగంటకు సుభాషిణి వచ్చింది. తొందరేమీ లేదు.

"కైకలూరా, ఆకివీడా?" అంది.

"కైకలూరు. నువ్వు తప్పిపోయావనుకుని వచ్చాను."

"నేనెక్కడ తప్పిపోయానండీ? బందరు పెట్టెలోనే ఉన్నాను. తప్పిపోయింది మీరు. ఉన్నచోట ఉంటే నేనే వచ్చేదాన్నిగా."

టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ నవ్వాడు.

"సుభా, నేనన్న మాట..."

"అది కన్యాకుమారిలోనూ అన్నారు. మైసూరులో రెండుసార్లు. అన్నప్పుడల్లా నమ్మితే నేనీపాటికి అక్కడే ఎక్కడో కాపురం పెట్టి ఉండాలి." తర్వాత గొంతు తగ్గించింది. "పెట్టెలు విడదీసేటప్పుడు మాత్రం ఒక్క నిమిషం భయమేసింది. ఈసారి నిజంగానే అన్నారేమోనని. అప్పుడు మీ సంచి విప్పి చూశాను. పుస్తకాలన్నీ దాంట్లోనే ఉన్నాయి. నన్ను వదిలిపెట్టినా వాటిని వదలరు కదా."

కాదనబోయి ఆగాను. అది భయపడిన మనిషి తనకు తానుగా వెతుక్కున్న సాక్ష్యం. అంతకన్నా మంచి సాక్ష్యం ఇవ్వవలసినవాణ్ణి నేను.

"ఇక ఆ మాట అనను."

"అంటారు లెండి. ఈసారి నా పెట్టెలోనే కూర్చుని అనండి."

బందరు ప్యాసింజరుకు ఇంకా చాలా వ్యవధి ఉంది. నాకు ఆకలి వేసింది. ఆ సంగతి చెప్పాను. ఇడ్లీ ఎక్కడ బాగుంటుందో ఆమె టీ కొట్టాయనను అడిగి తెలుసుకుంది. సంచులు భుజాన వేసుకుని ఇద్దరం స్టేషన్ బయటికి నడిచాం.