మడిచి కుట్టిన పరదా

పొద్దున్నే లేవగానే వేరే ఇళ్లలో గడియారం వైపు చూస్తారు. ఆ ఇంట్లో మాత్రం పైకప్పు వైపు చూసేవారు. టైలరమ్మకి తలనొప్పి వచ్చిన రోజు కప్పు జానెడు కిందికి దిగి ఉండేది. రాని రోజు దాని చోట అది ఉండేది. అందుకే ఆమెకి నోరు తెరిచి నొప్పి అని చెప్పుకునే పని ఎప్పుడూ పడలేదు.

ఆమె భర్త బస్సు కండక్టరు, ఆరడుగుల పైచిలుకు మనిషి. రోజంతా బస్సులో మెడ వంచి టికెట్లు చింపి, ఇంటికొచ్చి నిటారుగా నిలబడదామంటే ఇక్కడా అదే బతుకు. చొక్కా విప్పుతూ అరచెయ్యి కప్పుకి ఆనించి చూసేవాడు.

"ఇవాళ కాస్త ఎక్కువగా ఉన్నట్టుందే?"

"మామూలేలెండి. కాళ్లు కడుక్కురండి."

అత్తగారు నాలుగున్నర అడుగులు. ఆవిడకి ఏ రోజైనా ఒకటే. "నాకేం తగలట్లేదురా," అనేది కొడుకుతో. "నీ ఒడ్డూ పొడుగూ చూసి మురిసిపోయాను గానీ, సొంతింట్లో నిలబడ్డానికి పనికిరావని అప్పుడేం తెలుసు?"

రెండేళ్ల కిందట వీధి చివర ఆసుపత్రిలో నర్సు టైలరమ్మ జబ్బకి పట్టీ చుట్టి, బీపీ నూట డెబ్భై మీద నూట అయిదు అని చెప్పింది. మాత్రలిచ్చి, "రోజూ వేసుకోవాలమ్మా, ఒక్క రోజు కూడా మానకూడదు," అంది. టైలరమ్మ సరేనంది. ఇంటికొచ్చి ఆ మాత్రలు గుండీల డబ్బాలో పడేసింది. కప్పు దిగిన రోజు ఒకటి వేసుకునేది, దిగని రోజు డబ్బా మూత తీసేది కాదు.

"చిరగని గుడ్డకి అతుకు వేస్తారా అత్తయ్యా?" అనేది. అత్తగారికి ఆ మాట సబబుగానే తోచింది. అప్పట్నుంచి కప్పు దిగితే చాలు, "అమ్మాయ్, మాత్ర!" అని వంటింట్లోంచే కేకేసేది. సాయంత్రానికి కప్పు పైకి పోయేది. అందరూ తమ వైద్యం బ్రహ్మాండంగా ఉందనుకున్నారు.

కానీ పైకి పోయిన ప్రతిసారీ కప్పు ఓ వేలెడు తక్కువ పోయేది. ముందు ఫ్యాను విప్పేశారు. తర్వాత బీరువా పట్టక కండక్టరు దాని కాళ్లు రంపంతో కోసేశాడు. కిటికీ పరదా నేల మీద జీరాడుతుంటే టైలరమ్మ అంచు కుట్టి పొట్టి చేసింది. సర్దుకుపోవడం ఆ ఇంట్లో అందరికీ వెన్నతో పెట్టిన విద్య. ఇంటిని ఇంత సర్దినవాళ్లలో ఒక్కరైనా ఆమెని ఆ వీధి చివరిదాకా మళ్లీ తీసుకెళ్లి చూపించలేదు. ఆమె కూడా అడగలేదు. వంట, మిషను, అత్తగారి కాళ్లకి నూనె, మళ్లీ మిషను. అలిసిపోయానని చెప్పడానికి కూడా ఓపిక లేనంతగా అలిసిపోయింది.

బడి తెరవడానికి నాలుగు రోజులుందనగా, ఇంకా పదిహేడు యూనిఫాంలు మిగిలాయి. ఆ మధ్యాహ్నం ఆమె తల దూదిలా తేలిగ్గా ఉంది. నెల రోజుల్లో అంత హాయిగా ఎప్పుడూ లేదు. ఇదే అదను అనుకుని మిషను తొక్కుతోంది.

ఎదురుగా కూచుని గుండీలు ఏరుతున్న అత్తగారు పైకి చూసింది. "అమ్మాయ్, తలనొప్పా?"

"లేదత్తయ్యా. ఇవాళ అసలు లేదు."

"మరి ఇదేంటే?"

కప్పు దిగుతోంది. బల్బు టైలరమ్మ చెవి పక్కకి వచ్చేసింది. ఆమె మెడ కాస్త పక్కకి వంచిందే గానీ, తొక్కడం మానలేదు.

"నాలుగు కాలర్లే అత్తయ్యా. అయిపోతాయి."

అత్తగారు మాత్ర కోసం లేచింది. లేవగానే నడినెత్తిన ఠంగుమని తగిలింది. ఆవిడ బిత్తరపోయి తల తడుముకుంది. "ఒసేయ్, నాకు తగిలిందే!"

ఆ మాటకి మిషను ఆగింది. ఆ ముసలావిడ కోడలి రెక్క పుచ్చుకుంది. ఇద్దరూ దాదాపు పాక్కుంటూ గడప దాటారు. సూది కాలర్‌లోనే ఉండిపోయింది.

నర్సు మూడుసార్లు చూసింది. రెండు వందల ఇరవై మీద నూట ముప్పై. "తల నొప్పిగా లేదూ?"

"లేదమ్మా. హాయిగా ఉంది."

"హాయిగానే ఉంటుంది. బీపీ పెరిగితే నొప్పి రావాలని ఎక్కడా లేదు. నొప్పి కోసం చూస్తూ కూచుంటే కాలో చెయ్యో పడిపోయాక తెలిసేది. ఎలా వచ్చారసలు?"

"కప్పు దిగిందమ్మా," అంది అత్తగారు.

"ఎంతవరకు?"

"నాకు తగిలింది."

నర్సు ఆవిణ్ణి కింది నుంచి పైదాకా ఓసారి చూసి, చీటీ మీద రాసుకుని, లోపలికి పరిగెత్తి డాక్టర్ని పిలుచుకొచ్చింది.

మూడు రోజులు మంచం మీద ఉంచారు. యూనిఫాంలు ఇంకెవరో కుట్టారు. బడి ఆగలేదు. ఆ సంగతి ఆమెకి కాస్త కష్టంగానూ, చాలా తెరిపిగానూ అనిపించింది.

అప్పట్నుంచి కప్పు ఎక్కడున్నా సరే, పొద్దున్నే మాత్ర. మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడడం కండక్టరు పని. కాళ్లకి నూనె అత్తగారే రాసుకుంటోంది. కప్పు వేలెడు వేలెడుగా లేచింది. కొన్ని నెలలకి, ఓ సెలవు రోజు, కండక్టరు గది మధ్య నిటారుగా నిలబడ్డాడు. మెడలో ఎముక టక్కుమంది. అలవాటు తప్పిన ఎత్తులో ఏం చెయ్యాలో తెలియక చుట్టూ చూశాడు. కాళ్లు పోయిన బీరువా ఇటుకల మీద కూచుని ఉంది. పరదా నేలకి మూరెడు పైన వేలాడుతోంది.

"నేను కాళ్లు కోసేశాను, నువ్వు గుడ్డ కోసేశావు. ఇద్దరం ఇద్దరమే," అన్నాడు. "కొత్తది తేవాలి."

ఆమె పరదా అంచు తిరగేసి చూపించింది. మడత మీద మడత, అయిదు మడతలు.

"కత్తిరించలేదా?"

"పిల్లల బట్టలకి అంచు కత్తిరిస్తామా? మడిచి కుడతాం. ఎదుగుతారు కదా."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ."

కండక్టరు పరదా అంచుని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. ఆమె మిషను దగ్గర్నుంచి కత్తెర తెచ్చి, చివరి మడత కుట్లు ఒక్కొక్కటే విప్పింది. గుడ్డ జారి కిందికి దిగింది. ఎండ తగలని ఆ ముక్క, కొన్ననాటి నీలం రంగులో అలాగే ఉంది.

"మిగతా నాలుగూ?" అన్నాడు.

"తొందరేముంది? కప్పు ఇంకా లేస్తుంది," అంటూ ఆమె కత్తెర మూసి, చెయ్యి చాపింది. "ఇవాళ్టి మాత్ర ఇచ్చారా మీరు?"