బుల్లి ఫోటోలో పడిన రోజు

పొద్దున తొమ్మిది కొట్టేసరికి అక్క ముందుగదిని చీకటి చేసేది. సోఫాని గోడకు నెట్టేసి, రెండు కిటికీలకూ నల్లగుడ్డలు బిగించి, బట్టలారేసే తాడు మీద ఇంకో నల్లగుడ్డ పరదాలా వేసేది. దాని ముందు ఒక విరిగిన కుర్చీ, అట్టముక్కలతో చేసిన ఒక సమాధిరాయి. పక్కగదిలో అమ్మ మిషను మీద తెల్లగౌన్లు కుట్టేది. కుట్టినవాటి అంచులు చింపి టీ డికాషన్‌లో నానబెట్టేది. అలా నానిందంటే నిన్న కొన్న గుడ్డకైనా వందేళ్ల వయసు వస్తుంది.

దయ్యాల వేషం వేసి ఫోటోలు తీయడం, ఇదీ ఆ ఇంటి బతుకుతెరువు. నవ్వకండి. మామూలు ఫోటో ఇప్పుడు ఎవరిక్కావాలి? ఎవరి ఫోన్లో చూసినా వేలకు వేలు. దయ్యంలా పడాలంటే మాత్రం పనితెలిసిన చెయ్యి కావాలి. పళ్లడాక్టరు భార్యాబిడ్డలతో సహా వచ్చి రక్తపిశాచంలా తీయించుకున్నాడు. హెడ్‌మాస్టరు గారు ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని మరీ వచ్చి, మర్నాడు ఆ ఫోటో తనే ఊరంతా చూపించాడు. మొహానికి తెల్లరంగు, బుగ్గల కింద బూడిదరంగు, కళ్ల చుట్టూ నలుపు, గడ్డం కిందనుంచి ఒక చిన్న బ్యాటరీ లైటు. అంతే, ఎంత పెద్దమనిషైనా పాడుబడ్డ ఇంట్లోంచి లేచొచ్చినట్టు ఉంటాడు.

అయితే ఇవన్నీ ఎవరైనా చేయగలరు. ఆ ఇంటి ఫోటోలకు అంత పేరు వచ్చింది బుల్లి వల్ల.

బుల్లి అక్కకు చెల్లెలు. పేరుకే బుల్లి, ముప్ఫై నాలుగేళ్ల మనిషి, గుమ్మం దాటాలంటే తల వంచాలి. ఆమె ఫోటోలో పడదు. అద్దంలో పడుతుంది, నీళ్లలో పడుతుంది, ఎదురుగా నిలబడితే నిక్షేపంలా కనబడుతుంది, నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినబడుతుంది. ఫోటోలో మాత్రం వేసుకున్న బట్టలు పడతాయి, మనిషి పడదు. బళ్లో తీసిన ఫోటోలో మూడో వరసలో యూనిఫాం ఒక్కటే నిలబడి ఉంటుంది. కింద మేష్టారు ఆమె పేరు శుభ్రంగా రాశారు. కొందరికి చన్నీళ్లు పడవు, ఈమెకు ఫోటో పడదు, అంతకుమించి ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

ఆలోచించింది అక్క ఒక్కతే. బుల్లికి పాత కోటు తొడిగి నిలబెడితే తల లేని దయ్యం. నల్లబట్టలు వేసి నల్లగుడ్డ ముందు నిలబెట్టి చేతికి దీపం ఇస్తే, గాల్లో తేలే దీపం. పదకొండేళ్లు బుల్లి అలా దయ్యాల వెనక నిలబడింది. ఫోటో చూసినవాళ్లంతా "అబ్బ, ఎలా తీశారండీ!" అని అక్క చెయ్యి పట్టుకుని ఊపేవాళ్లు.

ఒకరోజు అన్నం తింటూ బుల్లి చెప్పేసింది. "నేను బస్సు నడుపుతానే అక్కా. పరీక్ష పాసయ్యాను. డిపోలో పెద్ద బస్సు ఇస్తామన్నారు."

అక్క ముద్దని కంచంలో పెట్టేసింది. "ఎప్పుడు నేర్చుకున్నావే?"

"సాయంత్రాలు. డ్రైవింగ్ స్కూలు మైదానంలో. నీకు చెబితే దీపం పట్టుకోమంటావని చెప్పలేదు."

"ఇక్కడేం తక్కువైంది నీకు?"

"వెలుగు" అంది బుల్లి. "పదకొండేళ్లుగా పట్టపగలు చీకట్లో నిలబడుతున్నాను. బస్సుకి ముందద్దం ఎంతుంటుందో తెలుసా? ఈ గోడంత. దాన్నిండా ఎండ."

అంతా బాగానే ఉంది కానీ, లైసెన్సు కార్డు మీద ఫోటో ఉండాలి. మొహం పూర్తిగా కనబడాలి, కళ్లు తెరిచి ఉండాలి, నల్లకళ్లద్దాలు కుదరవు. ఆఫీసువాళ్లు రెండుసార్లు వాళ్ల కెమెరాతోనే తీశారు. రెండుసార్లూ చొక్కా కాలరు, దాని పైన కుర్చీ వీపు. ఇక లాభం లేదని, మీరే ఎక్కడైనా తీయించుకుని తెచ్చుకోండి అన్నారు. పాసైన కాగితానికి గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. అది దాటితే పరీక్ష మళ్లీ మొదటికి, డిపోలో ఉద్యోగం వరసలో తర్వాతి మనిషికి.

"నువ్వే తీయాలి" అంది బుల్లి. "రంగు పడుతుంది కదా? దయ్యాలకు పూసే రంగు నాకూ పూసి తియ్యి."

మంగళవారం అక్క పూసింది. కళ్లకు రంగు వేయడం కుదరదు కాబట్టి, బుల్లిని కళ్లు మూసుకోమని రెప్పల మీదే కళ్లు గీసింది. ఇరవై నిమిషాల్లో పని ముగించి, ఫోటో తీసి చేతిలో పెట్టింది. బుల్లి దాన్ని పట్టుకుని బస్సెక్కి ఆఫీసుకు పరిగెత్తింది.

కిటికీ వెనక గుమాస్తా దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇదేంటమ్మా, నేనడిగింది డ్రైవరు ఫోటో. డ్రైవరు వల్ల పోయినవాళ్ల ఫోటో కాదు."

అతని తప్పేం లేదు. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి, పెదవులు నీలంగా ఉన్నాయి, రెప్పల మీది కళ్లు పైకి తిరిగి ఉన్నాయి. అక్క చెయ్యి పదకొండేళ్లుగా చేస్తున్న పనే చేసింది.

ఇంటికొచ్చి బుల్లి ఫోటోని అమ్మ మిషను మీద విసిరికొట్టింది. "నన్ను మనిషిగా పూయడం నీకు చేతకాలేదా, మనసు రాలేదా?"

"అలవాటులో అలా వచ్చిందే. ఏం, కావాలని చేశానా?"

"సరే. నా మొహం మీద మచ్చ ఏ కనుబొమ మీదుందో నావైపు చూడకుండా చెప్పు."

అక్క గోడవైపు తిరిగింది. "ఎడమ..."

"కుడి! నువ్వు విసిరిన గరిటె తగిలిందే తల్లీ, అది కూడా గుర్తులేదా?"

మిషను చప్పుడు ఆగింది. "గరిటె సంగతి నాకు గుర్తుంది" అంది అమ్మ. "రక్తం చూసి దెబ్బ తిన్నదానికంటే కొట్టినదే ఎక్కువ ఏడ్చింది. రెండు రోజులు దాని పక్కనుంచి కదల్లేదు."

అక్కకు సిగ్గేసింది. ఎంత సిగ్గంటే, కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. పొద్దస్తమానం కెమెరాలోంచి చూసే మనిషి ఆమె. ఆ కెమెరాలో బుల్లి ఉండదు. అలా చూసి చూసి, ఇంట్లో తిరిగే చెల్లెల్ని తిన్నగా చూసి ఎన్నేళ్లయిందో కూడా ఆమెకు తెలియలేదు.

"మనసు రాలేదే" అంది చివరికి. "నువ్వెళ్లిపోతే తల లేని దయ్యాన్ని ఎక్కణ్నుంచి తేను? వచ్చేవాళ్లంతా దానికోసమే వస్తారు. నాకు భయమేసింది."

బుల్లి కూర్చుంది. "భయం నాకూ ఉంది. అయినా వెళతాను."

"ఉడుం పట్టు నీది" అంది అక్క.

"మరి ఎవరి చెల్లెల్ని?"

శుక్రవారం పళ్లడాక్టరు కుటుంబం రెండోసారి రావాల్సి ఉంది. అక్క ఫోన్ చేసి వద్దంది. పొద్దున్నే ముందుగదిలోకి వెళ్లి కిటికీల నల్లగుడ్డలు పీకేసింది. ఎన్నేళ్ల దుమ్మో, ముగ్గురూ తుమ్మారు. పరదా తాడు మీద తెల్లదుప్పటి వేసి, కిటికీ ఎదురుగా బుల్లిని కూర్చోబెట్టి, కెమెరాకు వీపు పెట్టి తను కూర్చుంది.

ముందు చాలాసేపు రంగే తీయలేదు. ఊరికే చూసింది. "ముక్కు కొంచెం ఎడమకు తిరిగి ఉందే నీకు." "ఇప్పుడు చూశావా?" "ఈ గీతలెప్పుడొచ్చాయే?" "నీ దగ్గర పని చేసినందుకు వచ్చాయి." ఆ తర్వాత గిన్నెలో తెలుపు, ఎరుపు, పసుపు, చిటికెడు నలుపు కలిపి, బుల్లి బుగ్గ పక్కన పెట్టి చూసుకుంటూ, సరిపోయేదాకా మళ్లీ మళ్లీ కలిపింది. నుదురు ఒక రంగు, పెదవి కింద ఒక రంగు, చెవి తమ్మెలకు ఇంకో రంగు. కుడి కనుబొమ మీద మచ్చని సన్నటి కుంచెతో దిద్దింది. జుట్టుకు ముందువైపు నల్లపొడి అద్దింది. బుల్లి మూడు గంటలు మెదల్లేదు. కదలకుండా ఉండడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

ఒంటిగంటకు మొదటి ఫోటో తీశారు. మొహం అచ్చంగా బుల్లిదే. అమ్మ చూసి కళ్లు తుడుచుకుంది. కానీ కళ్లుండాల్సిన చోట రెండు కన్నాలు, వాటిలోంచి వెనక తెల్లదుప్పటి.

"ఇంకోటి తియ్యి" అంది బుల్లి.

"తీస్తే మాత్రం కళ్లు మొలుస్తాయా?"

"తియ్యవే."

అక్క కెమెరాకు పది సెకన్ల టైమరు పెట్టింది. ఈలోగా దుప్పటి మీద ముడత కనబడి, సరిచేద్దామని వెనక్కి వెళ్లింది. పని పిచ్చి మరి, ఇల్లు కాలుతున్నా ముడత సర్దే రకం. సర్దుతుండగానే కెమెరా టక్కుమంది. తెర మీద చూస్తే బుల్లి ఎడమ కంట్లో అక్క బొటనవేలు, గోటికి అంటిన రంగుతో సహా.

బుల్లి లేచొచ్చి తెర మీది ఆ వేలిని చూపించింది.

"వేలు కనబడితే" అంది బుల్లి మెల్లగా, "కన్ను కనబడదా?"

టైము రెండు. బుల్లి పెదవి చివర రంగు అప్పుడే పగుళ్లిస్తోంది, మళ్లీ పూయాలంటే ఇంకో మూడు గంటలు. అక్క గబగబా బుల్లి వెనక మోకాళ్ల మీద నిలబడి, ఆమె తల వెనక తన మొహం ఆనించింది. ఎత్తు చాలక అమ్మ దిండు తెచ్చి మోకాళ్ల కింద పెట్టింది. దయ్యాలకు వాడే బ్యాటరీ లైటుని అక్క తన గడ్డం కింద పట్టుకుంది. ఇన్నేళ్లలో ఆమె కెమెరా ముందుకు రావడం అదే మొదటిసారి. ఆమెకు కనబడేదల్లా చెల్లెలి జుట్టు. తలనూనె వాసన, చిన్నప్పుడు ఒకే దుప్పట్లో పడుకున్నప్పటి వాసన.

"అమ్మా, నువ్వు నొక్కు."

"నేనా? దాన్ని ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానన్నావు కదే!"

"ఇప్పుడు ముట్టుకో. పైనున్న నల్ల బొత్తాం."

"ఏదీ, ఇదా? రెండున్నాయి."

అక్క కళ్లు విప్పార్చుకుని ఉంది. లైటు వేడికి నీళ్లు తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఆమెకొక ఆలోచన వచ్చింది, దాచడం ఎందుకు. రెప్ప మూస్తే చాలు. ఒక్కసారి, పొరపాటున మూసినట్టు. రంగు పగిలిపోతుంది, ఐదు దాటిపోతుంది, బుల్లి ఇంట్లోనే ఉంటుంది. ఎవరూ తనని తప్పుపట్టరు, రెప్పన్నాక వాలదా?

"అమ్మా, కుడివైపుది!" అని బుల్లి పెదవులు కదపకుండా గొణిగింది. ఆమె వీపు సన్నగా వణకడం అక్క గుండెకు తెలిసింది. పదకొండేళ్లు రాయిలా నిలబడ్డ మనిషి వణుకుతోంది.

అక్క రెప్ప వేయలేదు. నీళ్లు చెంపల మీదికి కారాయి, కళ్లు భగ్గుమన్నాయి, జుట్టు పోగొకటి గుచ్చుకుంది, అయినా వేయలేదు. అమ్మ "ఆ, దొరికింది" అనేదాకా అలాగే చూస్తూ ఉంది.

ఫోటో మీద తడి ఇంకా ఆరకముందే బుల్లి మొహం కూడా కడుక్కోకుండా పరిగెత్తింది. అక్క చెప్పుల్లేకుండా వెనకే పరిగెత్తింది. బస్సు దొరికి, వరసలో వాళ్ల వంతు వచ్చేసరికి ఆఫీసు గడియారంలో ఐదుకు పది నిమిషాలు.

గుమాస్తా ఫోటో తీసుకుని వేలు పెట్టి ఒక్కొక్కటే చూశాడు. మొహం, ఉంది. చెవులు, ఉన్నాయి. నుదురు, మచ్చ, బుల్లి మొహం వైపు చూసి సరిపోల్చుకున్నాడు, ఉన్నాయి. కళ్ల దగ్గర ఆగాడు. కొంచెం లోతుగా ఉన్నాయి, బాగా ఎర్రగా ఉన్నాయి. తల ఎత్తి బుల్లి కళ్లు చూశాడు. తర్వాత ఆమె భుజం పక్కనుంచి అక్క కళ్లు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ కళ్లు ఎవరివమ్మా?"

బుల్లి అబద్ధం ఆడే రకం కాదు. "మా అక్కవండీ."

గుమాస్తా సొరుగు లాగి నిబంధనల కాగితం తీశాడు. పెదవులు కదిలిస్తూ పైనుంచి కిందిదాకా చదివాడు, మళ్లీ చదివాడు. వెనక వరసలో ఎవరో దగ్గారు.

"కళ్లు తెరిచి ఉండాలని ఉంది" అన్నాడు. "ఎవరివై ఉండాలో రాయలేదు." ముద్ర తీసి ధన్‌మని కొట్టాడు.

సోమవారం పొద్దున బుల్లి బస్సు వాళ్ల వీధి మలుపులో తిరిగింది. అవసరం లేకపోయినా హారన్ రెండుసార్లు కొట్టింది. అక్క గుమ్మంలో నిలబడి బస్సు కనబడకుండా పోయేదాకా చూసింది. లోపలికొచ్చి కాసేపు ఏడ్చింది, మొహం కడుక్కుంది, కిటికీలకు నల్లగుడ్డలు బిగించింది. తొమ్మిదింటికి పళ్లడాక్టరు కుటుంబంతో దిగాడు.

"ఈసారి మాకు తల లేని దయ్యం కావాలండీ" అన్నాడు. "దానికోసమే వచ్చాం."

"ఆ దయ్యానికి ఉద్యోగం వచ్చిందండీ" అంది అక్క. అని, కెమెరా పక్కన పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీరిలా గుమ్మం దగ్గరి వెలుతురులోకి రండి. ముందు మీ మొహాలు సరిగ్గా చూడనివ్వండి."